గంటకోసారి రాసే చార్టు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నది కరెంటు గురించి. ముప్పయ్యేళ్లుగా థర్మల్ విద్యుత్ కేంద్రంలో పనిచేస్తున్నాను కాబట్టి అదైతే బాగుంటుందన్నారు. కరెంటు సంగతి మీకు నెలనెలా బిల్లు వచ్చినప్పుడు తెలుస్తూనే ఉంటుంది. నేను వేరే విషయం చెబుతానన్నాను. పాంక్రియాటైటిస్ వచ్చిన మనిషిని నర్సులు ఎలా చూసుకుంటారు, ఏమేం గమనిస్తారు అన్న విషయం. ఆయన కాసేపు ఆగి, "నువ్వు డాక్టరువి కాదు కదరా" అన్నారు. కాదు. కానీ పందొమ్మిది రోజులు ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. వైద్యానికి సంబంధించి నేను చెప్పే మాటలన్నీ మన బ్యాచ్ డాక్టరు మిత్రుడికి చదివి వినిపించి, దిద్దించుకున్నాను.

మంచం మీద ఉన్నది నా తమ్ముడు. వాడూ ఈ బడి పిల్లాడే, 1993 పదో తరగతి బ్యాచ్. ఇప్పుడు ఈ సభలోనే ఉన్నాడు. "చెప్పదలుచుకుంటే అంతా చెప్పు అన్నయ్యా, సగం చెప్పి వదిలేయకు" అన్నాడు. అందుకే అంతా చెబుతున్నాను.

మన సైన్సు మాస్టారు జీర్ణవ్యవస్థ బొమ్మ బోర్డు మీద వేసేవారు, గుర్తుందా? కాలేయం ఎర్ర సుద్దముక్కతో, జీర్ణాశయం తెల్ల సుద్దముక్కతో. దాని వెనకాల చిన్న ఆకులాగా ఒకటి వేసి, గీత లాగి "క్లోమం" అని రాసేవారు. మనం భాగాలు గుర్తించి రెండు మార్కులు తెచ్చుకుని మర్చిపోయాం. ఆ ఆకు పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, బరువు వంద గ్రాములకు అటూ ఇటూ. రోజుకి లీటరు నుంచి లీటరున్నర దాకా రసం తయారుచేస్తుంది. మాంసకృత్తుల్ని అరిగించే ట్రిప్సిన్, పిండి పదార్థాల్ని అరిగించే అమైలేజ్, కొవ్వుని అరిగించే లైపేజ్ అందులో ఉంటాయి. ఇక్కడ నా ఇంజనీరు బుద్ధికి నచ్చిన ఏర్పాటు ఒకటుంది. ట్రిప్సిన్ లాంటి పదునైన ఎంజైములు గ్రంథిలో ఉన్నంతసేపూ నిద్రావస్థలో ఉంటాయి. చిన్నపేగులోకి చేరాకే మేల్కొంటాయి. మా బాయిలర్లో బొగ్గు కొలిమిలోనే మండాలి, మిల్లులో మండకూడదు. అలాంటిదే ఇదీ. ఏ కారణం చేతైనా ఆ ఎంజైములు క్లోమంలో ఉండగానే మేల్కొంటే, అన్నాన్ని అరిగించాల్సిన రసం గ్రంథినే అరిగించడం మొదలుపెడుతుంది. అదే పాంక్రియాటైటిస్.

కారణాల్లో ముందు వరసలో ఉన్నవి రెండు: పిత్తాశయంలోని రాయి జారి వచ్చి దారికి అడ్డం పడటం ఒకటి, మద్యం రెండోది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు వెయ్యి దాటడం, కాల్షియం ఎక్కువవడం, కొన్ని మందులు, ఆ తర్వాత.

2023 వానాకాలం. ఒక ఆదివారం ఉదయం మా తమ్ముడికి పొట్ట పైభాగంలో నొప్పి మొదలైంది. గునపంతో పొడిచినట్టు వీపులోకి దూసుకుపోతోందన్నాడు. వాంతులు. ముందురోజు పెళ్లి భోజనం చేశాడు కాబట్టి అందరం గ్యాస్ అనే అనుకున్నాం. సోడా తాగించాం, మాత్ర ఇచ్చాం, ఊళ్లో ఆర్ఎంపీ గారు ఇంజెక్షన్ చేశారు. వెల్లకిలా పడుకోలేక, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, మంచం పట్టె మీద ముందుకు వంగి కూర్చుని రాత్రంతా గడిపాడు. అలా వంగితే కాస్త ఉపశమనం, పడుకుంటే ఎక్కువ కావడం ఈ జబ్బు లక్షణమని మాకప్పుడు తెలియదు. సోమవారం తెల్లవారకముందే విజయవాడలో ఒక ఆసుపత్రిలో చేర్పించాం.

రక్తపరీక్షలో లైపేజ్ చాలా ఎక్కువ వచ్చింది. ఈ జబ్బని తేల్చడానికి మూడు ఆధారాలు చూస్తారు: ఆ తరహా నొప్పి, అమైలేజ్ గానీ లైపేజ్ గానీ మామూలు గరిష్ఠానికి మూడు రెట్లు దాటడం, స్కానింగులో కనిపించడం. మూడింటిలో రెండుంటే చాలు. మావాడికి మొదటి రెండూ ఉన్నాయి.

మర్నాటి నుంచి నేను డాక్టరు గారి వెంటపడ్డాను. లైపేజ్ ఈ రోజు ఎంత, రేపు మళ్లీ చేయించండి, తగ్గిందా పెరిగిందా అని. మీటరు రీడింగుల మీద బతికే మనిషిని కదా. ఒక సాయంత్రం డ్యూటీలో ఉన్న సిస్టరు చెప్పింది: "సార్, ఆ నంబరు జబ్బు ఉందని చెబుతుంది, ఎంత ముదిరిందో చెప్పదు. మీరు చూడాల్సినవి ఇక్కడున్నాయి" అని మంచం కాళ్ల దగ్గర వేలాడుతున్న చార్టు చేతికిచ్చింది. ఆ అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. ఆమె పేరు ఇక్కడ చెప్పను, చెప్పవచ్చా అని ఆమెను అడగలేదు.

ఆ చార్టు చూసి నాకు సిగ్గేసింది. మా కంట్రోల్ రూములో లాగ్ షీటు అచ్చం అలాగే ఉంటుంది. అడ్డంగా గంటలు, నిలువుగా రీడింగులు. నాడి, రక్తపోటు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు, ఆక్సిజన్ శాతం, జ్వరం, షుగరు, లోపలికి వెళ్లిన ద్రవం ఎంత, మూత్రం ఎంత, నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత. నా ఉద్యోగంలో మొదటి పాఠం, ఒక్క రీడింగుని నమ్మకు, వరసగా నాలుగు చూడు అన్నది. ఆ పాఠం మంచం పక్కన నాకు గుర్తు రాలేదు. ఒక నంబరు పట్టుకుని వేలాడాను.

మూత్రం సంచీకి గంటకెంత వచ్చిందో కొలిచే చిన్న గది ఒకటుంటుంది. సిస్టరు ప్రతి గంటా వంగి అది చూసేది. మనిషి బరువులో కిలోకి అర మిల్లీలీటరు చొప్పున గంటకి రావాలి. మావాడు 70 కిలోలు, అంటే 35 మిల్లీలీటర్లు. అంతకంటే తగ్గితే శరీరంలో నీరు రక్తనాళాల్లోంచి జారిపోయి పొట్టలో చేరుతోందనీ, మూత్రపిండాలకు రక్తం చాలట్లేదనీ అనుమానించాలి. అందుకే మొదటి రెండు రోజులు సెలైన్ బాటిళ్లు అంత ముఖ్యం. అయితే ఎక్కువా మంచిది కాదు. పూర్వం ఎంత వీలైతే అంత ద్రవం వేగంగా ఎక్కించడమే సరైనదనుకునేవారు. 2022లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన వాటర్‌ఫాల్ అనే పరిశోధన దాన్ని మార్చింది. వేగంగా ఎక్కించినవారిలో నూటికి ఇరవై మందికి ద్రవం ఎక్కువై ఇబ్బంది వచ్చింది. మితంగా ఎక్కించినవారిలో ఆరుగురికే వచ్చింది. పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. కాబట్టి సిస్టరు పని మూత్రం చూడటంతో అయిపోదు. ఊపిరితిత్తుల్లో గరగర వినిపిస్తోందా, కాళ్లు ఉబ్బుతున్నాయా, పడుకుంటే ఆయాసం వస్తోందా అని స్టెతస్కోపు పెట్టి చూసి డాక్టరుకి చెబుతుంది. ట్యాంకులో నీటిమట్టం తగ్గకూడదు, పొంగకూడదు. ఆ వాల్వు దగ్గర రాత్రంతా కాపలా ఉన్నది ఆ అమ్మాయే. నేను ఆ స్టూలు మీద నిద్రపోయాను కూడా.

నాడి 90 దాటడం, ఊపిరి నిమిషానికి 20 దాటడం, జ్వరం 38 డిగ్రీల సెంటీగ్రేడు దాటడం లేదా ఒళ్లు 36కి చల్లబడిపోవడం, తెల్లరక్తకణాలు పన్నెండు వేలు దాటడం లేదా నాలుగు వేలకు పడిపోవడం. వీటిలో రెండు కలిసి వస్తే శరీరమంతా మంట అంటుకున్నట్టు లెక్క. అది 48 గంటల తర్వాత కూడా తగ్గకపోతే జబ్బు తీవ్రమైన దారి పట్టిందేమోనని జాగ్రత్త పడతారు. ఐదుగురిలో నలుగురికి వారంలో సర్దుకుంటుంది. ఆ ఐదోవాడెవరో ముందుగా కనిపెట్టడం కోసమే ఈ గంటగంట కాపలా అంతా.

చార్టులో గడి లేనివి కూడా ఆమె చూసేది. బొడ్డు చుట్టూ గానీ, నడుము పక్కల గానీ చర్మం నీలం తిరిగిందా అని రోజూ దుప్పటి తీసి చూసేది. లోపల రక్తం చిమ్మితే అలా పైకి కనిపిస్తుందట. టేపుతో పొట్ట కొలిచేది. మేం ఊరికే పొట్ట ఉబ్బింది, ఉబ్బలేదు అని వాదించుకుంటుంటే ఆమె టేపు కొలత చెప్పి వాదన ముగించేది. ఒకసారి చెవి ముందర బుగ్గ మీద వేలితో తట్టి చూసింది. పెదవి మూల అదిరితే కాల్షియం పడిపోయిందని గుర్తట. బీపీ పట్టీ బిగించినప్పుడు చేతివేళ్లు కొంకర్లు పోయినా అదే గుర్తు. మా తమ్ముడు "పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టుంది" అంటే నేను నీరసం అన్నాను. ఆమె వెంటనే ఫోన్ తీసింది. రక్తంలో కాల్షియం తక్కువే ఉంది.

ఇప్పుడు చెప్పడానికి కష్టమైన భాగానికి వస్తాను.

చేర్చిన సోమవారం ఉదయం ఆమే వచ్చి వివరాలు రాసుకుంది. రాళ్లున్నాయా, షుగరుందా, ఏం మందులు వాడుతున్నారు, ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చిందా. ఆ తర్వాత, "మందు అలవాటుందా సార్? చివరిసారి ఎప్పుడు తాగారు?" అని అడిగింది. తమ్ముడు నొప్పితో కళ్లు మూసుకుని ఉన్నాడు. మా అమ్మ మంచం అవతలి వైపు నిలబడి ఉంది. మరదలు పక్కనే ఉంది. నేను, "ఎప్పుడో, పెళ్లిళ్లలో, ఏదో కాస్త" అన్నాను. అబద్ధం. ఎరువుల కొట్టు కట్టేశాక ప్రతి రాత్రీ తాగేవాడు. క్వార్టరు కాదు, హాఫ్. నాకు తెలుసు. అమ్మకి తెలియదని మా నమ్మకం. ఆమె కాగితం మీద "అప్పుడప్పుడు" అని రాసుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి పదకొండు గంటలకి సూది మార్చడానికి తమ్ముడి చేయి పట్టుకుంది. పట్టుకుని అలాగే కాసేపు ఉంది. రెండు చేతులూ ముందుకి చాపమంది. వేళ్లు వణుకుతున్నాయి. నుదుటి మీద చెమట. నాడి నొప్పి తగ్గినా తగ్గలేదు. నన్ను వరండాలోకి రమ్మంది. "సార్, పొద్దున అమ్మగారు ఉన్నారని అలా చెప్పారనుకున్నాను. ఇప్పుడు నిజం చెప్పండి. చివరిసారి ఎప్పుడు, ఎంత?" అంది. గొంతులో కోపం లేదు. నేను చెప్పాను. శనివారం రాత్రి, పెళ్లి దగ్గర, ఎప్పటికంటే ఎక్కువ. ఆమె గడియారం చూసి లెక్క కట్టింది. రోజూ తాగే మనిషికి హఠాత్తుగా ఆగిపోతే కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల మతి భ్రమించడం, ఫిట్స్, ప్రాణం మీదికి రావడం జరగొచ్చు. మేం ఆ గడువు అంచున ఉన్నాం. అప్పటికప్పుడు డాక్టరుకి ఫోన్ చేసింది. దానికి వేరే మందులు, వాటితో పాటు థయమిన్ అనే బి1 విటమిను మొదలుపెట్టారు. మంచానికి పక్క కమ్మీలు ఎత్తి బిగించింది.

మంగళవారం రాత్రి తమ్ముడు గోడ మీద తొండలు పాకుతున్నాయన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. అమ్మ ఏడుస్తుంటే సిస్టరు గదిలో లైటు వేసి ఉంచి, "ఇది విజయవాడ, మీరు ఆసుపత్రిలో ఉన్నారు, వీరు మీ అన్నయ్య" అని పది నిమిషాలకొకసారి విసుగు లేకుండా చెప్పింది. గురువారానికి తేరుకున్నాడు. నేను వరండాలో కూడా అబద్ధమే చెప్పి ఉంటే ఆ వణుకుని నొప్పి అనో జ్వరం అనో అనుకునేవాళ్లు. ఆమె వేసిన ప్రశ్న వైద్యంలో భాగం. నేను దాన్ని పరువు ప్రశ్నగా విన్నాను. తర్వాత తెలిసిన సంగతి, అమ్మకి అన్నీ ముందే తెలుసు.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. మావాడి కథ విని, ఈ జబ్బు వచ్చిన ప్రతివాడినీ తాగుబోతు అనుకోకండి. మన దక్షిణ భారతంలో చుక్క ముట్టని కుర్రాళ్లకి, ఆడపిల్లలకి కూడా దీర్ఘకాలిక రూపంలో ఇది వస్తుంది. క్లోమంలో రాళ్లు కట్టి, చిన్న వయసులోనే షుగరు వస్తుంది. హైదరాబాదు హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2002లో ఇలాంటి రోగుల్లో స్పింక్1 అనే జన్యువులో మార్పులకు దీనితో సంబంధం ఉందని చూపించారు. ట్రిప్సిన్‌ని అదుపులో ఉంచే ప్రోటీను అది. అంటే వాళ్ల బ్రేకు పుట్టుకతోనే కాస్త వదులు. పక్క మంచం మీద అలాంటి కుర్రాడొకడు ఉండేవాడు, డిగ్రీ రెండో సంవత్సరం. చూడటానికి వచ్చిన చుట్టాలంతా వాడితో "మానేయరా బాబూ" అనేవాళ్లు. వాడు గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

ఇంకో తగువు తిండి దగ్గర. మొదట్లో నోటికి ఏమీ ఇవ్వొద్దన్నారు. తమ్ముడు "అన్నయ్యా, ఒక్క గుక్క" అని బతిమాలేవాడు. దొంగచాటుగా కొబ్బరినీళ్లు పట్టబోయి దొరికిపోయాను. సిస్టరు తిట్టలేదు. తడి గాజుగుడ్డతో పెదవులు, నాలుక ఎలా తుడవాలో చూపించి, రెండు గంటలకోసారి ఆ పని నాకు అప్పగించింది. నాలుగో రోజున ముక్కులోంచి గొట్టం వేసి ద్రవాహారం ఇస్తామన్నారు. అప్పుడు మాట మార్చి మేమే వద్దన్నాం. లంఖణం పరమౌషధం కదా, పొట్టకి విశ్రాంతి ఇవ్వాలి కదా అని మా మేనత్త వాదన. ఒకప్పుడు ఆసుపత్రుల్లోనూ అదే పద్ధతి ఉండేదట. ఇప్పుడు కాదు. జబ్బు తేలికగా ఉండి, వాంతులు లేకపోతే మొదటి ఒకటి రెండు రోజుల్లోనే తిననిస్తారు. తినలేనివారికి రక్తనాళంలోంచి ఆహారం ఎక్కించడం కంటే గొట్టం ద్వారా పేగుకి అందించడం మేలు. పేగు ఖాళీగా పడి ఉంటే దాని గోడ బలహీనపడి, లోపలి సూక్ష్మజీవులు బయటికి జారి, దెబ్బతిన్న క్లోమానికి సోకుతాయి. పేగుకి పని ఇవ్వడమే కాపలా. గొట్టం సరైన చోట ఉందో లేదో ప్రతిసారీ చూసుకోవడం, తల వైపు మంచం ఎత్తి ఉంచడం, ఆహారం నెమ్మదిగా పంపడం, తర్వాత నీళ్లతో గొట్టం కడగడం, పొట్ట బిగుసుకుంటే ఆపి చెప్పడం అంతా నర్సుల చేతుల్లోనే జరిగింది.

నొప్పి గురించి ఒక్క మాట. "మందులిస్తే అలవాటైపోతుంది, ఓర్చుకో" అని మనవాళ్లు చెప్పినట్టు సిస్టర్లు చెప్పలేదు. నొప్పి ఎక్కువుంటే మనిషి పూర్తిగా ఊపిరి తీయడు. తీయకపోతే ఊపిరితిత్తుల అడుగున గాలి ఆడదు. అందుకని నొప్పి తగ్గించి, పక్కకి తిప్పి మోకాళ్లు మడిచి పడుకోబెట్టి, లోతుగా ఊపిరి పీల్చే వ్యాయామం చేయించేవారు.

ఇదంతా చూస్తుంటే నాకు మన 1986 బ్యాచ్ గుర్తొచ్చింది. పదో తరగతి అయ్యాక మన అమ్మాయిల్లో ఇద్దరు ఇంటర్ తర్వాత జీఎన్ఎం నర్సింగులో చేరారు. సెలవుల్లో బస్టాండులో కలిసినప్పుడు మన కుర్రాళ్లం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. ఈ సంచిక కోసం తయారైన "ఉన్నత స్థానాల్లో మన పూర్వ విద్యార్థులు" జాబితా చిత్తుప్రతి నాకు చూపించారు. ఇంజనీర్లం పదిహేడు మందిమి ఉన్నాం, డాక్టర్లు, తహసీల్దార్లు, ఒక డీఎస్పీ గారు ఉన్నారు. నర్సు ఒక్కరూ లేరు. అన్ని బ్యాచ్‌ల రిజిస్టర్లు తిరగేస్తే పదకొండు మంది దొరికారు. వారిలో ఇద్దరు గల్ఫ్‌లో ఉన్నారు, ఒకరు ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశారు. కార్యవర్గం వెంటనే ఒప్పుకుని జాబితాలో చేర్చింది, వారికి నా కృతజ్ఞతలు. ఇద్దరక్కయ్యలు ఈ రోజు వచ్చారు కూడా. చివరి వరసలో కూర్చున్నారు. దయచేసి ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

తమ్ముడు పందొమ్మిదో రోజున ఇంటికొచ్చాడు. వెళ్లేముందు సిస్టరు మరదల్ని కూర్చోబెట్టి అరగంట చెప్పింది. మద్యం, సిగరెట్టు రెండూ మానాలి. సిగరెట్టు కూడా ఈ గ్రంథికి శత్రువేనని చాలామందికి తెలియదు. మళ్లీ నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఆగకుండా రావాలి. రాళ్ల వల్ల వచ్చినవారైతే పిత్తాశయం ఆపరేషను వాయిదా వేయకూడదు. ఆర్నెల్ల తర్వాత మావాడికి విరేచనం జిడ్డుగా నీటి మీద తేలడం మొదలైంది, బరువు తగ్గాడు. కొవ్వు అరగట్లేదన్నమాట. ఎంజైము క్యాప్సూల్సు రాశారు. మావాడు వాటిని మిగతా మాత్రలతో కలిపి పడుకునేముందు మింగేవాడు, నెల రోజులు ఏ మార్పూ లేదు. అవి అన్నం తింటూ తింటూ వేసుకోవాలి, అన్నంతో పాటే పేగులోకి వెళ్లాలి. ఫోన్లో ఆ సిస్టరే కనిపెట్టి చెప్పింది. అప్పటి నుంచి పనిచేశాయి. ఇప్పుడు కొద్దిగా షుగరు కూడా ఉంది, మూడు నెలలకోసారి చూపించుకుంటున్నాడు.

తాగడం మానేసి రెండేళ్లయింది. అది తేలిగ్గా జరగలేదు. మధ్యలో ఒకసారి జారాడు, మళ్లీ నిలబడ్డాడు. ఆ సంగతి కూడా చెప్పమన్నాడు, చెప్పాను.

ఈ సాయంత్రం బ్యాచ్‌ల వారీగా గెస్ట్‌హౌస్‌లో కూర్చుంటారని నాకు తెలుసు. కార్యదర్శి గారు తెలియనట్టు నటిస్తున్నారు. 1993 బ్యాచ్ వాళ్లకి నాదొక విన్నపం. మావాణ్ణి తప్పకుండా పిలవండి. పిలవకపోతే బాధపడతాడు. "ఒక్క పెగ్గుకేమవుతుందిరా" అని మాత్రం అనకండి. వాడి గ్లాసులో నిమ్మకాయ సోడా పోయించండి, ఉప్పు వేయించండి, వాడికదే ఇష్టం.